నడుమ కూర్చునేవాళ్ళ కూలి

మా కొండల మీద తగవు తీర్చిన మనిషికి జీతం ఉండదు. పోడు గట్టు దగ్గర మాట పెరిగినా, ఒకరి మేకలు ఇంకొకరి చోడి చేను మేసినా, ఓలి మాట్లాడుకున్న పిల్ల వేరొకరి ఇంటికి వెళ్ళిపోయినా ఊరి నాయుడికి కబురు పోతుంది. బారికి ఇల్లిల్లూ తిరిగి పిలుస్తాడు. చింతచెట్టు కింద అందరూ కూర్చుంటారు. పొద్దు వాలేదాకా మాటలు నడుస్తాయి. చివరికి ఒకరు తప్పు కడతారు. కట్టిన దాంట్లో కొంత అక్కడే కల్లుకీ కోడికీ అయిపోతుంది. రోజంతా గొంతు పోయేలా మాట్లాడిన పెద్దకు దక్కేది అందరికంటే ముందు అందే డొప్పెడు కల్లు.

పట్నంలో అదే పని ఒక వృత్తి. మధ్యవర్తిత్వం అంటారు, కోర్టుల దగ్గర మీడియేషన్ అనే అంటారు. దానికి శిక్షణ ఉంది, ఫీజు ఉంది, 2023 నుంచి సొంతంగా ఒక చట్టం కూడా ఉంది. ఈ సంగతి మన యువతకు చెప్పాలని మాకు చాలాకాలంగా ఉంది.

మేము అంటే ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చి విశాఖ చుట్టుపక్కల బడుల్లో పనిచేస్తున్న కొద్దిమంది టీచర్లం. మాలో ఎక్కువమందిమి భీమిలి డైట్‌లో టీటీసీ చదివాం. ఆ రోజుల్లో బీచ్ రోడ్డు బస్సులో రుషికొండ దాటుతుంటే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ, మధ్యలో సరుగుడు తోటలు కనిపించేవి. ఇప్పుడక్కడ ఐటీ కంపెనీలు, యూనివర్సిటీ, రిసార్టులు, అపార్టుమెంట్లు. బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆ గోడలు కట్టినవాళ్ళలో, ఆ గదులు ఊడ్చేవాళ్ళలో, రాత్రిళ్ళు ఆ గేట్ల దగ్గర కూర్చునేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఇసుకలో ఎక్కడైనా కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ చెవిన పడితే మా కాళ్ళు ఆగిపోతాయి. ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడగకుండా ముందుకు వెళ్ళలేం.

అలా ఆగిన ఒక ఆదివారం ఏడుగురు కుర్రాళ్ళు కనిపించారు. ఒక కట్టుబడి పనిలో ఉన్నారు. ఏడు వారాల కూలి బాకీ. మేస్త్రీ ఫోను ఎత్తడం లేదు. ఆ రాత్రికి సైటు నుంచి డ్రిల్లింగ్ మిషనూ సెంట్రింగ్ చెక్కలూ ఎత్తుకుపోయి అమ్ముకుందామని వాళ్ళ ఆలోచన.

"ఒక్క చెక్క కదిలినా రేపు పొద్దున మీ మీద దొంగతనం కేసు పడుతుంది. కూలి మాట ఎవడూ ఎత్తడు" అన్నాం.

"అయితే ఏటి సెయ్యమంటారు మాస్టారూ? ఇంటికెళ్ళడానికి బస్సు చార్జీ కూడా లేదు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

మాలో ఒకరి ఫోను నుంచి మేస్త్రీకి చేశాం. కొత్త నంబరు కాబట్టి ఎత్తాడు. మేము బడిపంతుళ్ళమనీ, డబ్బు అడగడానికి చేయలేదనీ, రెండు వైపులా విందామని పిలుస్తున్నామనీ చెప్పాం. నమ్మడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం టీ బడ్డీ దగ్గరికి వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటిన వయసు.

కుర్రాళ్ళ లెక్క నలభై ఒక్క రోజులు. మేస్త్రీ పుస్తకంలో ముప్పై ఆరు. ఐదు రోజుల దగ్గర గొంతులు లేచాయి. అప్పుడు వాళ్ళను ఒక పక్కకు, అతన్ని ఒక పక్కకు తీసుకెళ్ళి విడివిడిగా కూర్చున్నాం. మేస్త్రీ అప్పుడు అసలు మాట చెప్పాడు. పైనున్న కాంట్రాక్టరు తనకే బిల్లు ఇవ్వలేదు. మొదటి వారాల కూలి అతను ఇచ్చింది భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టి. ఆ ఐదు రోజులూ వాన వల్ల స్లాబు ఆగిన రోజులు. కాంట్రాక్టరు వాటిని కొట్టేస్తాడని తెలిసి ముందే తన పుస్తకంలో రాయలేదు.

ఈ మాట కుర్రాళ్ళకు చెప్పవచ్చా అని అడిగాం. వద్దన్నాడు. సరేనని ఊరుకున్నాం. ఇంకో టీ తాగాక తనే లేచి వెళ్ళి వాళ్ళకు చెప్పాడు. కమ్మల సంగతి విన్నాక వాళ్ళ గొంతు తగ్గింది. వాన రోజుల్లో మూడు రోజులు తమతో నీళ్ళు తోడించారనీ, ఇసుక మోయించారనీ, మిగిలిన రెండు రోజులు ఊరికే షెడ్డులో కూర్చున్నామనీ వాళ్ళూ నిజమే చెప్పారు. ముప్పై తొమ్మిది రోజులకు ఒప్పందం కుదిరింది. మూడు విడతలు, తారీఖులతో సహా తెలుగులో రెండు ప్రతులు రాశాం. ఒడియాలో చదివి వినిపించాకే సంతకాలు పెట్టించాం. కాంట్రాక్టరు బిల్లు ఇవ్వకపోతే మేస్త్రీ, కుర్రాళ్ళు కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలనేది చివరి మాట. రెండు విడతలు అందాయి. మూడోది ఆ అర్జీ పడ్డాకే కదిలింది.

ఆ సాయంత్రం మాతోపాటు మా దగ్గర ఐదో తరగతి చదివిన ఒక అమ్మాయి ఉంది. విశాఖలో లా చదువుతోంది. కువి ఇంటి భాష. అంతా అయ్యాక, "మాస్టారూ, మా తాత జీవితమంతా ఇదే చేశాడు. ఇదే పని కోర్టులో చేసేవాళ్ళకు నలభై గంటల ట్రైనింగు ఇస్తారంట. మా తాతకు తెలియనిది ఆ నలభై గంటల్లో ఏముంటుంది?" అని అడిగింది.

నిజానికి తాతకు తెలిసినవి చాలా ఉన్నాయి. తొందరపడకపోవడం తెలుసు. ఇద్దరికీ పరువు మిగలకపోతే తగవు తీరనట్టేనని తెలుసు. రేపు అదే వాగులో నీళ్ళు ముంచుకోవలసినవాళ్ళని గుర్తుపెట్టుకుని మాట్లాడడం తెలుసు. తెలియనివీ ఉన్నాయి. చింతచెట్టు కింద మాట్లాడేది మగవాళ్ళే. ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నారో ఆ పిల్ల ఎక్కడో గోడవారన నిలబడి ఉంటుంది. అక్కడ రహస్యం అనేదే లేదు. అన్నీ ఊరందరి ముందే చెప్పాలి. ఊరి ముందు చెప్పలేని మాట ఉన్నవాళ్ళు ఓడిపోతారు. పెద్ద చివరికి తీర్పు చెబుతాడు. మీడియేటరు తీర్పు చెప్పడు. జడ్జి చెబుతాడు, ఆర్బిట్రేటరు చెబుతాడు. మీడియేటరు మాత్రం ఇద్దరి చేతా మాట్లాడించి, వాళ్ళు ఒప్పుకున్నదే రాస్తాడు. వాళ్ళు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి లేస్తాడు. ఒకరు చాటుగా చెప్పిన మాటను వాళ్ళ అనుమతి లేకుండా రెండోవారి దగ్గరికి మోయకూడదు. పైకి చిన్న నియమంలా ఉంటుంది గానీ పని మొత్తం దాని మీదే నిలబడుతుంది. మేస్త్రీ కమ్మల మాట మేమే చెప్పేసి ఉంటే ఆ మనిషి మళ్ళీ మా ముందు నోరు విప్పేవాడు కాదు.

మీడియేషన్ మీద మీటింగు ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు శ్రీకృష్ణ రాయబారంతో మొదలుపెడతారు. మాకు అది అంత కుదిరిన పోలిక అనిపించదు. కృష్ణుడు పాండవుల మనిషి. పాండవుల తరఫున వెళ్ళాడు. రాయబారి ఒక పక్కవాడు. నడుమ కూర్చునేవాడికి పక్క ఉండకూడదు.

ఇక ఇది ఉద్యోగంగా ఎలా మారిందో చెప్పాలి. కోర్టుకు వచ్చిన సివిల్ తగవును రాజీకి, లోక్ అదాలత్‌కు, మీడియేషన్‌కు పంపే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్‌లో ఉంది. అది 2002 జూలై 1 నుంచి అమలవుతోంది. 2005లో సుప్రీంకోర్టు మీడియేషన్ కోసం ఒక ప్రాజెక్టు కమిటీ వేసింది. ఆ అమ్మాయి చెప్పిన నలభై గంటల శిక్షణ ఆ కమిటీ పెట్టిందే. హైదరాబాదులో 2021 డిసెంబరులో ఒక అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది. కంపెనీల పెద్ద తగవులు అక్కడికి వెళతాయి. ఆ తర్వాత మీడియేషన్ చట్టం 2023 వచ్చింది. దాన్ని ఒకేసారి అమల్లో పెట్టలేదు. కొన్ని సెక్షన్లు మాత్రమే ఆ ఏడాది అక్టోబరు 9న అమల్లోకి వచ్చాయి.

ఆ చట్టంలో మనం చదవవలసిన భాగం కమ్యూనిటీ మీడియేషన్. ఒక ప్రాంతంలో మనుషుల మధ్య శాంతి చెడగొట్టే తగవును, ఇద్దరూ ముందే ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని తీర్చవచ్చు. ఆ ముగ్గురూ లాయర్లే కావాలని లేదు. ఆ చోట మంచి పేరున్నవాళ్ళు, మీడియేషన్‌లో అనుభవం ఉన్నవాళ్ళు ఉండవచ్చు. ఆడవాళ్ళకు చోటివ్వడం గురించి కూడా చట్టం మాట్లాడింది. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదు, శాంతి కోసమే. ఇది చదివితే మాకు మా చింతచెట్టే గుర్తొచ్చింది. 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్‌లోని (డి) కూడా గుర్తొచ్చింది. తగవులు తీర్చుకునే మన ఆచార పద్ధతిని కాపాడుకునే సమర్థత గ్రామసభకు ఉందని అందులో రాసి ఉంది. గ్రామసభ అంటే సంతకాల పుస్తకం అనుకునేవాళ్ళకు దాన్ని చదివి వినిపించండి.

ఇది ఇప్పుడు ఎందుకు చెబుతున్నామంటే, మా తరానికి ఒక దారి ఉండేది. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. టీటీసీ చేస్తే బతుకు నిలబడుతుందన్న ధైర్యం దాని వల్లే వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఇవాళ డీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న పిల్లలు మాకు ఎంతోమంది తెలుసు. ఆ హక్కు కోసం అడగడం ఆపమని మేము అనం. అడుగుతూనే ఇంకో నాలుగు తలుపులు తట్టమంటున్నాం.

మొదటి తలుపు పారా లీగల్ వాలంటీర్. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్ళు ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. లా చదవక్కర్లేదు. పదో తరగతి చదువు, ఊళ్ళో తిరిగే ఓపిక చాలు. పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు. దాంతో ఇల్లు గడవదు. కానీ తగవు కాగితం ఎలా ఉంటుందో, కోర్టు గుమ్మం ఎటుందో తెలుస్తుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఈ ఒక్క మాట పది ఊళ్ళలో చెప్పినా ఆ వాలంటీరు జన్మ ధన్యమే.

రెండోది లా చదువు. ఇంటర్ తర్వాత ఐదేళ్ళు, డిగ్రీ తర్వాత మూడేళ్ళు. లాసెట్ రాయాలి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికైతే క్లాట్ రాయాలి. మీడియేటరుకు లా డిగ్రీ తప్పనిసరి కాదు గానీ, కోర్టు పట్టీల్లో ఎక్కువగా కనిపించేది అనుభవం ఉన్న లాయర్లు, రిటైరైన జడ్జీలు. అందుకని మొదటి ఏళ్ళలో మీడియేషన్ మీదే బతుకుదామనుకోకూడదు. లాయరుగా ప్రాక్టీసు చేస్తూ, ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగు నేర్చుకుంటూ, దీన్ని పక్కన పెంచుకోవాలి. పోర్టు, స్టీలు ప్లాంటు ఉన్న ఊరిలో మరో దారి కూడా ఉంది. యాజమాన్యానికీ కార్మికులకీ మధ్య రాజీ కుదిర్చే అధికారి పని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉంది. లేబరు డిపార్టుమెంటు వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టు మొదటి మెట్టు. మాకు ప్రభుత్వ జీతం ఉంది కాబట్టి మేము తగవులకు రూపాయి తీసుకోం, తీసుకోకూడదు కూడా. మీరు తీసుకోండి. మన పెద్దలు ఊరికే చేశారని మీరూ ఊరికే చేయాలని ఎవరైనా అంటే, వాళ్ళ లాయరు ఫీజు ఎంతో అడగండి.

కానీ ఈ వృత్తిలోకి వచ్చే మన పిల్లలు ముందుగా నేర్చుకోవలసింది ఎక్కడ కూర్చోకూడదో.

కొన్నేళ్ళ కిందట ఒక షావుకారు, మా వైపు ఊరి రైతు ఒకాయన కలిసి ఒక కాగితం మీద సాక్షి సంతకానికి మా దగ్గరికి వచ్చారు. మాస్టారు సంతకం ఉంటే గట్టిదని. ఆసుపత్రి ఖర్చుకు తీసుకున్న అప్పు వడ్డీతో పెరిగింది. దానికి బదులు కాఫీ, మిరియం ఉన్న చెక్కను షావుకారు అనుభవించుకునేలా రాజీ. "ఇద్దరం ఇష్టపడే రాసుకున్నాం మాస్టారూ" అన్నాడు షావుకారు. రైతు తల ఊపాడు. మేము ఆ కాగితం మొదటి అక్షరం నుంచి ఆయన భాషలో చదివాం. ఆయన రెండు పంటలు అనుకున్నాడు. కాగితంలో ఇరవై ఏళ్ళు ఉంది.

సంతకం పెట్టలేదు. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి మారడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు, కౌలు, తనఖా కూడా ఆ చట్టంలో బదిలీయే. చట్టం చెల్లదన్న దాన్ని ఇద్దరూ నవ్వుతూ ఒప్పుకున్నా అది ఒప్పందం కాదు. అప్పు సంగతి వేరుగా మాట్లాడి, వాయిదాలకు కుదిర్చాం. భూమి మాట ఆ కాగితంలోంచి తీసేయించాం. షావుకారుకు మా మీద కోపం చాలాకాలం ఉంది. ఉండనివ్వండి.

ఒకడికి కాగితం చదవడం వచ్చి, రెండోవాడికి రాకపోతే, ఇద్దరి మధ్యా సరిగ్గా సగం దగ్గర కూర్చున్నవాడు నిజానికి ఒకడి ఒడిలో కూర్చున్నట్టే. పెద్దమనుషుల రాజీ పేరుతో మన కొండల్లో ఎన్ని చెక్కలు చేతులు మారాయో మీ ఊళ్ళలో మీకే తెలుసు. అందుకే మన భాష వచ్చిన మధ్యవర్తి కావాలి. అతనికి 1/70 కూడా కంఠతా రావాలి.

ఆడపిల్లల విషయమూ అంతే. పద్దెనిమిది నిండని పిల్ల మీద అఘాయిత్యం జరిగితే తప్పు కట్టించడమో, ఆ పిల్లను వాడికే ఇచ్చేయడమో రాజీ అనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. అది నేరం, పోక్సో కేసు. తెలిసి చెప్పకపోతే టీచరు మీద కూడా కేసు అవుతుంది. నేర విచారణలు మీడియేషన్‌కు తగవని 2023 చట్టం మొదటి షెడ్యూలులోనే ఉంది. భూసేకరణ, దాని పరిహారం కూడా ఆ షెడ్యూలులో ఉన్నాయి. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయించడానికి ఎవరైనా 'మీడియేటరు' పేరుతో వస్తే ఆ పేజీ తీసి చూపించండి.

మన కొండల చుట్టూ జరిగిన పెద్ద మధ్యవర్తిత్వాలను తలుచుకున్నప్పుడు ఒక సంగతి మాకు గుచ్చుకుంటుంది. 2011 ఫిబ్రవరిలో మా కొండలకు అవతలి వైపున్న మల్కన్‌గిరిలో కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు తీసుకెళ్ళారు. ఆయన తిరిగి రావడానికి నడుమ కూర్చున్నవాళ్ళు ప్రొఫెసర్ హరగోపాల్, ప్రొఫెసర్ సోమేశ్వరరావు వంటివారు. మరుసటి ఏడాది సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మీనన్ విషయంలో హరగోపాల్‌తో పాటు బి.డి. శర్మ ఒక వైపు నుంచి, మాజీ ఉన్నతాధికారులు ప్రభుత్వం వైపు నుంచి మాట్లాడారు. పెద్ద మనసున్నవాళ్ళు, ప్రాణాలు నిలబెట్టినవాళ్ళు. శర్మగారు ఆదివాసుల కోసం జీవితమే ఇచ్చారు. అయితే సుక్మా అడవిలోకి ఆ కలెక్టరుకు మందులు తీసుకెళ్ళింది ఆదివాసీ నాయకుడు మనీష్ కుంజాం. దారి తెలిసినవాడు మందుల సంచి మోశాడు, బల్ల దగ్గర ప్రొఫెసర్లు, అధికారులు కూర్చున్నారు. కుంజాం అక్కడ ఎందుకు కూర్చోలేదన్నది వేరే కథ. ఇకముందైనా ఆ బల్ల దగ్గర కూర్చోగలిగినవాళ్ళు మనలో పదిమంది తయారై ఉండాలన్నది మా ఆశ.

తోటి టీచర్లకు ఒక మాట. దీనికి నలభై గంటల శిక్షణ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మా తరగతుల్లో పెన్సిలు తగవు వస్తే మేము తీర్పు చెప్పడం మానేశాం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతాం. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. "నువ్వు అన్నది ఇదేనా?" అని అడగాలి. అవునంటేనే తన మాట చెప్పాలి. నాలుగో తరగతి పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత బాగా విసుక్కుంటారు, ఆ తర్వాత పెన్సిలు సంగతి మరిచిపోతారు. కొన్నిసార్లు అసలు తగవు పెన్సిలుది కాదని తేలుతుంది. ఒకడు నిన్న రెండోవాడి అమ్మ భాషను వెక్కిరించి ఉంటాడు. బెత్తంతో తీర్చి ఉంటే ఆ మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

ఆ అమ్మాయి లా పూర్తి చేసింది. ఒక సీనియరు దగ్గర జూనియరుగా ఉంటూ, సెలవు రోజుల్లో ఏజెన్సీకి వెళ్ళి న్యాయసేవల శిబిరాల్లో కువిలో మాట్లాడుతోంది. చేతికి వచ్చేది తక్కువ. గది అద్దె ఇంకా వాళ్ళ అన్న ఇస్తున్నాడు. మీడియేషన్ శిక్షణకు పేరు ఇచ్చింది. మొన్న రుషికొండ వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకం చూపించింది. శిబిరాల్లో అక్కరపడే మాటలు తెలుగులో ఒక వైపు, కువిలో ఒక వైపు రాసుకుంటోంది. 'రాజీ' ఎదురుగా చోటు ఖాళీగా ఉంది. వాళ్ళ నాన్నమ్మను అడిగితే మూడు మాటలు చెప్పిందట. భూమి తగవుకు ఒకటి, మొగుడూ పెళ్ళాలకు ఒకటి, అన్నదమ్ములకు ఒకటి. వేటిలో ఏది రాయాలో తేలక, మళ్ళీ ఊరు వెళ్ళి అడగాలని ఆ గడి అలాగే ఉంచింది.